డిస్క్ విసరడానికి టికెట్టా?

నార్త్ కెరొలైనాలో పైన్‌హర్స్ట్ అనే చిన్న ఊరుంది. బోస్టన్‌లో సోడా యంత్రాల వ్యాపారంలో బాగా గడించిన జేమ్స్ వాకర్ టఫ్ట్స్ 1895లో ఇసుక నేల కొని, పైన్ చెట్ల మధ్య కట్టించిన విడిది ఊరది. ఉత్తరాది మంచు నుంచి నాలుగు నెలలు తప్పించుకుందామని వచ్చేవాళ్ల కోసం మొదలైన ఊరు కొన్నేళ్లకే గోల్ఫ్ పిచ్చివాళ్ల అడ్డా అయిపోయింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డోనాల్డ్ రాస్ అక్కడ ఒకదాని తర్వాత ఒకటి గోల్ఫ్ కోర్సులు వేశాడు. 1913లో అక్కడే ఓ ఖాళీ స్థలాన్ని విడిగా తీసి పెట్టారు. దాంట్లో ఆట లేదు, స్కోరు లేదు. నిలబడి బంతి తర్వాత బంతి బాదుకోవడమే పని. ఆ జాగాకు మేనియాక్ హిల్ అని పేరు పడింది. అమెరికాలో గోల్ఫ్ సాధన కోసమే ఏర్పడిన మొదటి మైదానంగా ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటారు.

అక్కడి నుంచి కారులో పడమరగా రెండు గంటలు వెళితే షార్లెట్. బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చి ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. సాయంత్రం నడకకు పార్కుకు వెళ్లే మనవాళ్లకు చెట్ల మధ్య ఓ వింత వస్తువు తగులుతుంది. నడుమెత్తున ఇనుప బుట్ట, దాని మీద వేలాడే గొలుసులు, పైన పట్టీ మీద ఓ అంకె. దూరం నుంచి ఎవరో విసిరిన ప్లాస్టిక్ డిస్క్ గాల్లో వంపు తిరిగి వచ్చి ఆ గొలుసులకు తగిలి గలగలమని బుట్టలో పడుతుంది. పిల్లల్ని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు అదేమిటని అడుగుతారు, పిల్లలు డిస్క్ గోల్ఫ్ అంటారు. షార్లెట్ ఈ ఆటకు చిన్నపాటి రాజధాని. 2012లో ప్రొఫెషనల్ ప్రపంచ పోటీలు జరిగింది అక్కడే. అరగంట దూరంలోని రాక్ హిల్‌లో, విన్‌త్రాప్ యూనివర్సిటీ ఆవరణలో 1999 నుంచి అమెరికా చాంపియన్‌షిప్ ఆడుతున్నారు.

ఆట సూత్రం గోల్ఫ్‌దే. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలుస్తాడు. మొదటి దూరపు విసురుకు ‘డ్రైవ్’ అనే పేరు, దానికి వాడే డిస్క్‌కు ‘డ్రైవర్’ అనే పేరు కూడా గోల్ఫ్ నుంచి తెచ్చుకున్నవే. ఇన్ని తెచ్చుకున్న ఆట ఒక్కదాన్ని మాత్రం వెంట తెచ్చుకోలేదు. గోల్ఫ్ ఆడే ఏ అమెరికన్ ఊరికి వెళ్లినా శివారులో ఓ డ్రైవింగ్ రేంజ్ ఉంటుంది. డబ్బు కట్టి బకెట్టు బంతులు తీసుకుని బాదుకుని రావచ్చు. డిస్క్ గోల్ఫ్‌కు అలాంటిది దాదాపు ఎక్కడా కనిపించదు. ఎవరికీ తట్టకపోవడం వల్ల కాదు. ఆడేవాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా ఈ మాట వస్తూనే ఉంటుంది. కడితే బాగుండునని ఒకరంటారు, ఎవడొస్తాడని ఇంకొకరంటారు. ఈ వాదన తేలాలంటే రెండు ఆటల పుట్టుకనూ ఓసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

గోల్ఫ్ మొదట్లో ఆడి నేర్చుకునే ఆట. ఎవరికైనా ప్రత్యేకంగా సాధన చేయాలనిపిస్తే సొంత బంతులు సంచిలో వేసుకుని ఖాళీ పొలంలోకి వెళ్లేవాళ్లు. ఆటగాడి సంచి మోసే కేడీ కుర్రాడు దూరంగా నిలబడి, పడిన బంతులన్నీ ఏరి తెచ్చేవాడు. వచ్చే బంతిని తప్పించుకోవడం కూడా వాడి ఉద్యోగంలో భాగమే! 1920లు, 30ల్లో ఈ ఏర్పాటు వ్యాపారమైంది. ఊరి చివర రోడ్డు పక్కన స్థలం, వరసగా చాపలు, రాత్రిపూట దీపాలు, అద్దెకు బంతులు. క్లబ్బు సభ్యత్వం కట్టలేనివాడు, కోర్సు మీద నాలుగు గంటలు గడిపే తీరిక లేనివాడు అరగంటలో సరదా తీర్చుకునేవాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది చవక వినోదం. స్థల యజమానులకు ఇందులో ఇంకో లాభం ఉండేది. ఊరు పెరిగి భూమి ధర ఎక్కేదాకా ఆ జాగా ఊరికే పడి ఉండకుండా పన్నుల ఖర్చన్నా రాబట్టుకోవచ్చు. అమెరికాలో ఎన్నో రేంజులు చివరికి షాపింగ్ సెంటర్లుగానో అపార్టుమెంట్లుగానో మారిపోయాయంటే కారణం అదే.

జపాన్‌లో ఈ లెక్క మరీ ముదిరింది. అక్కడ భూమి తక్కువ, గోల్ఫ్ మోజు ఎక్కువ. 1980ల చివర పేరున్న క్లబ్బుల సభ్యత్వాలు కోట్ల యెన్లకు చేతులు మారాయి. మామూలు ఉద్యోగికి మిగిలింది నగరం నడిబొడ్డున పచ్చని వలల మధ్య లేచిన రెండు, మూడు అంతస్తుల రేంజులే. అసలు కోర్సులో ఏడాదికోసారి కూడా అడుగుపెట్టకుండా రేంజులోనే గోల్ఫ్ జీవితం గడిపేసేవాళ్లు అక్కడ ఓ పెద్ద వర్గం. ఇంగ్లండ్‌లో స్టీవ్, డేవ్ జోలిఫ్ అనే అన్నదమ్ములు ఇంకో దారి పట్టారు. బంతిలో మైక్రోచిప్ పెట్టి, అది ఎక్కడ పడిందో తెర మీద చూపించి, పాయింట్లు ఇచ్చి, పక్కన తిండీ బీరూ అమ్మే టాప్‌గోల్ఫ్‌ను 2000లో వాట్‌ఫర్డ్‌లో తెరిచారు. 2005లో అది వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాకు వచ్చింది. అక్కడి నుంచి అమెరికా అంతా పాకింది.

గమనిస్తే గోల్ఫ్ రేంజును నిలబెట్టింది సాధన మీద భక్తి ఒక్కటే కాదు. అసలు ఆట ఖరీదైనది, సమయం తినేది, చాలామందికి అందనిది. ఆ అందని ఆటకు చిల్లర అమ్మకపు కొట్టుగా రేంజు బతికింది.

డిస్క్ గోల్ఫ్ పుట్టుకే వేరు. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫ్రిస్బీ కుటుంబం నడిపిన బేకరీ రేకు పళ్లేల్లో పై అమ్మేది. తిన్నాక మిగిలిన పళ్లేలను యేల్ యూనివర్సిటీ కుర్రాళ్లు విసురుకునేవాళ్లని కథ. దేశానికి అవతలి కొసన, 1938లో శాంటా మోనికా బీచిలో ఫ్రెడ్ మోరిసన్, ఆయన్ను పెళ్లాడబోయే లూసీల్ కేకు పళ్లెం విసురుకుంటుంటే, ఎవరో వచ్చి దాన్ని 25 సెంట్లకు ఇమ్మని అడిగాడు. కొట్లో దాని ధర 5 సెంట్లు. ఇందులో వ్యాపారముందని మోరిసన్‌కు ఆ క్షణంలోనే వెలిగింది. మధ్యలో యుద్ధం వచ్చి, విమానం నడిపి, జర్మన్ల చేతికి చిక్కి, బయటపడి తిరిగొచ్చాక ప్లాస్టిక్ పళ్లేలు పోత పోయించాడు. 1957లో వామ్-ఓ కంపెనీ ఆయన ‘ప్లూటో ప్లాటర్’ను కొని ఫ్రిస్బీ అని పేరు మార్చింది. ఆ పేరు మోరిసన్‌కు నచ్చలేదు. రాయల్టీలు వస్తున్నాయి కాబట్టి పెద్దగా పట్టించుకున్నట్టూ లేదు.

పళ్లేన్ని గురిపెట్టి విసిరే ఆటలు అంతకు ముందే అక్కడా ఇక్కడా పుట్టి చచ్చిపోయాయి. కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే పల్లెలో 1926లోనే బడిపిల్లలు రేకు మూతలతో గోల్ఫ్ ఆడుకున్నారు. పెద్దయ్యాక మానేశారు. నిలబడే ఆటగా దీన్ని మలిచినవాడు ఎడ్ హెడ్రిక్. వామ్-ఓలో పనిచేస్తూ ఫ్రిస్బీ పైభాగాన వలయాల్లాంటి గీతలు తెచ్చి, అది గాల్లో వణక్కుండా సాగేలా చేసి, 1967లో పేటెంటు పొందిన మనిషి. 1975లో లాస్ ఏంజెలెస్ శివారు లా కన్యాడా దగ్గరున్న ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వేశాడు. అప్పటికి బుట్టలు లేవు, పాతిన స్తంభాలే గురి. తగిలిందా లేదా అని ప్రతి స్తంభం దగ్గరా తగువే. ఆ తగువులు పడలేక హెడ్రిక్ గొలుసుల బుట్ట తయారు చేశాడు. గొలుసులు డిస్క్ వేగాన్ని మింగేస్తాయి, బుట్ట దాన్ని పట్టుకుంటుంది, ఇక మాటల్లేవు. 1977లో దానికీ పేటెంటు వచ్చింది. 1976లో క్రీడాకారుల సంఘం పెట్టి ఒకటో నంబరు సభ్యత్వం తనే తీసుకున్నాడు. 2002లో పోయాక ఆయన కోరిక మేరకు అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. వాటిలో కొన్ని ఇప్పుడూ ఎగురుతూ ఉండొచ్చు, కొన్ని ఎవరింటి కప్పు మీదో చిక్కుకుపోయి ఉండొచ్చు.

ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి ఆ మొదటి కోర్సు ఎక్కడ వెలిసిందన్నది. సభ్యత్వ క్లబ్బులో కాదు, కౌంటీ పార్కులో. టికెట్ లేదు, గేటు లేదు. ఆట ఊరికే ఇస్తే డిస్కులు అమ్ముడుపోతాయన్న లెక్క దాని వెనక ఉండే ఉంటుంది. లెక్క ఏదైతేనేం, అలవాటు స్థిరపడింది. ఆ తర్వాత ఊరూరా మున్సిపల్ పార్కుల విభాగాలు ఇదే పద్ధతిలో వెళ్లాయి. గోల్ఫ్ కోర్సుకు వంద ఎకరాలకు పైగా నేల, రోజూ నీళ్లు, గడ్డి కోత కావాలి. దీనికి చెట్లున్న పనికిరాని వాలు చాలు, పద్దెనిమిది బుట్టలు పాతితే అయిపోయింది. యూడిస్క్ అనే యాప్ లెక్కలో ఇవాళ ప్రపంచంలో 15,000కు పైగా కోర్సులున్నాయి. వాటిలో అత్యధికం ఉచితం. ఆట మొత్తం ఉచితంగా దొరికేచోట సాధనకు టికెట్ పెడితే ఎవరు కొంటారు? రేంజు కట్టాలనుకునేవాడు ముందు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

అలాగని డిస్క్ గోల్ఫర్లు సాధన చేయరని కాదు. వాళ్ల భాషలో దాన్ని ‘ఫీల్డ్‌వర్క్’ అంటారు. సంచిలో పది, పదిహేను డిస్కులు వేసుకుని ఖాళీ మైదానానికి వెళ్లడం, ఓ కొసన నిలబడి అన్నీ విసిరేయడం, నడిచి వెళ్లి ఏరుకోవడం, అక్కడి నుంచి మళ్లీ ఇటు విసరడం. తెల్లవీ గులాబీవీ దూరం నుంచే కనిపిస్తాయి. ఆకుపచ్చ డిస్క్ కొన్నవాడు మాత్రం గడ్డిలో వంగి వంగి వెతుకుతూ సగం సాయంత్రం గడుపుతాడు. ప్రతి డిస్క్ అడుగునా మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. పారేసుకుంటే దొరికినవాడు మెసేజ్ పెడతాడని ఆశ.

ఈ పనికి అమెరికాలో ఇంతకన్నా అచ్చొచ్చిన జాగా ఉండదనిపించేది హైస్కూలు ఫుట్‌బాల్ గ్రౌండు. ఎండ్ జోన్లు కలుపుకుని 120 గజాలు, అంటే దాదాపు 110 మీటర్లు. అయిదు గజాలకో తెల్ల గీత, పది గజాలకో అంకె. మామూలు ఆటగాడి డ్రైవ్ 75 నుంచి 90 మీటర్ల దాకా పోతుంది కాబట్టి ఎంత దూరం వెళ్లిందో గీతలే చెప్పేస్తాయి. టేపు అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. పిల్లలు ప్రాక్టీసులో లేని వేళ చూసుకుని వెళ్లాలి, అంతే. బడి డబ్బుతో గడ్డి కోసి, గీతలు గీసి, దీపాలు పెట్టిన రేంజు ఊరూరా ఉంది. దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదంతే.

మరో చిక్కు డిస్క్‌లోనే ఉంది. గోల్ఫ్ బంతికి ఎక్కువలో ఎక్కువ 45.93 గ్రాములు. రేంజులో ఇచ్చే బంతి కాస్త నాసిరకమైనా కొట్టేవాడు సర్దుకుంటాడు, ఎందుకంటే అతని ఆట కర్రలో ఉంది, ఆ కర్ర అతనిదే. డిస్క్ గోల్ఫ్‌లో కర్ర లేదు. చేతికీ గాలికీ మధ్య ఉన్న పరికరం డిస్క్ ఒక్కటే. 1983లో డేవ్ డనిపేస్, ఆయన మిత్రులు కలిసి పెట్టిన ఇనోవా కంపెనీ అంచును వాలుగా చెక్కినట్టున్న ‘ఈగల్’ డిస్క్‌ను తెచ్చాక ఆట తలకిందులైంది. గుండ్రటి అంచు ఫ్రిస్బీ గాలిని తోసుకుంటూ పోతే, ఇది కోసుకుంటూ పోయింది. దూరాలు పెరిగాయి, కోర్సులు సాగాయి, డిస్కుల రకాలు వందల్లోకి వెళ్లాయి. ఇప్పుడు డిస్క్‌ల మీద నాలుగు అంకెలు వేస్తున్నారు. ఎంత వేగం కావాలి, ఎంతసేపు తేలుతుంది, మొదట ఎటు ఒరుగుతుంది, చివర ఎటు వాలుతుంది. పైగా వాడుతున్నకొద్దీ చెట్లకు తగిలి అంచు అరిగి, అదే డిస్క్ నెమ్మదిగా నడక మార్చుకుంటుంది. రెండేళ్లు వాడిన డ్రైవర్ ఎలా వంగుతుందో దాని యజమానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అలాంటి ఆటగాడికి ముక్కూ మొహం తెలియని అద్దె డిస్కులు ఇచ్చి సాధన చేసుకోమంటే అతను నేర్చుకునేది అద్దె డిస్కుల గురించే.

సొంతవి విసరనివ్వొచ్చు కదా అంటే, ఏరేదెవరు? గోల్ఫ్ రేంజులో పంజరం లాంటి బండి మైదానమంతా తిరుగుతూ బంతుల్ని దొర్లించి మింగేస్తుంది. దాని మీద బంతులు ఠప్పుఠప్పుమని పడుతున్నా నడిపేవాడికి బెంగ లేదు. బల్లపరుపుగా నేలకు అతుక్కుపోయే డిస్క్‌ను దొర్లించే యంత్రం లేదు. ఎవరో ఒకరు వంగి తీయాలి. అందుకు విసరడం ఆపాలి. 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ అంచు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే చోట మనిషిని నిలబెట్టడానికి ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుంది? అందుకని పావుగంటకోసారి గంట కొట్టి, అందరూ లోపలికి వెళ్లి తమ డిస్కులు తెచ్చుకునే పద్ధతి పెట్టాలి. అప్పుడది రేంజు కాదు, డబ్బు కట్టి చేసే ఫీల్డ్‌వర్క్.

అద్దె డిస్కులే పెట్టుకుందామన్నా లెక్క కుదరదు. ఇరవై మంది ఒకేసారి విసిరేలా, మనిషికి యాభై చొప్పున పెడితే వెయ్యి డిస్కులు. చవకరకం పది డాలర్లనుకున్నా పది వేల డాలర్లు ముందే గడ్డి మీద పరిచినట్టు. పోయేవి, పగిలేవి, సంచుల్లోకి జారేవి వేరు. భుజం సంగతి కూడా చూడాలి. గోల్ఫర్ గంటలో వంద బంతులు కొట్టి ఇంటికి వెళ్లి భోంచేస్తాడు. పూర్తి బలంతో వంద డ్రైవ్‌లు విసిరినవాడు మర్నాడు కప్పు ఎత్తడానికి మోచెయ్యి పట్టుకుంటాడు. అలవాటైన ఆటగాళ్లు కూడా ఒక్క పూటలో అన్ని గట్టి విసుర్లు వేయరు. బకెట్ల లెక్కన అమ్ముకునే వ్యాపారానికి ఇంతకంటే చెడ్డ కబురు లేదు. తక్కువ వాడేవాడు తక్కువే కొంటాడు.

నేల విషయంలో మాత్రం డిస్క్‌దే పైచేయి. గోల్ఫ్ రేంజుకు 250 మీటర్ల పైచిలుకు పొడవు, చుట్టూ ఎత్తైన వలలు కావాలి. డిస్క్ ప్రపంచ రికార్డు 338 మీటర్లున్నా, అది మామూలు విసురు కాదు. 2016లో నెవాడా ఎడారిలో వీపు వెనక బలమైన గాలితో డేవిడ్ విగిన్స్ జూనియర్ విసిరిన విసురది. గాలి సాయం లేకుండా చదునైన నేల మీద పేరున్న ప్రొఫెషనల్ 150 మీటర్లు దాటిస్తే గొప్ప. కాబట్టి సగం స్థలంతో పని జరుగుతుంది. కానీ ఆ సగం స్థలం ఊళ్లో ఏ బడి వెనక చూసినా ఊరికే దొరుకుతోంది. మళ్లీ మొదటికొచ్చాం.

డబ్బు కట్టి ఆడే డిస్క్ గోల్ఫ్ అసలే నడవదని తీర్పు చెప్పేస్తే అది కూడా తొందరపాటే. మసాచుసెట్స్‌లోని లెస్టర్‌లో మేపుల్ హిల్ అనే కోర్సుంది. క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో, చెరువుల పక్కన వేసింది. టికెట్ తీసుకునే ఆడాలి, జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. స్టాక్‌హోమ్‌లోని యార్వా కూడా రుసుము కట్టి ఆడేదే. ఈ రెండుచోట్లా జనం కొనేది ఇంటి పక్క పార్కులో దొరకని అనుభవాన్ని. చదునైన గడ్డి మైదానంలో అలాంటిదేమీ ఉండదు.

రేంజు మాట ఈమధ్య మళ్లీ గట్టిగా వినిపించడానికి కారణాలు లేకపోలేదు. కోవిడ్ ఏళ్లలో గూట్లో కూర్చోలేని జనం పార్కుల మీద పడ్డారు. క్రీడాకారుల సంఘం సభ్యత్వాలు, కోర్సుల సంఖ్య ఒక్కసారిగా ఎగిశాయి. 2021లో అగ్రశ్రేణి ఆటగాడు పాల్ మెక్‌బెత్‌తో డిస్‌క్రాఫ్ట్ కంపెనీ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకుంది. శనివారం పొద్దున కోర్సుకు వెళితే మొదటి టీ (విసురు మొదలుపెట్టే చోటు) దగ్గర వరస. ఇంతలో డిస్క్ లోపల సెన్సారు పెట్టిన టెక్‌డిస్క్ లాంటి పరికరాలు వచ్చాయి. వలలోకి విసిరితే చాలు. వేగమెంత, ఎన్ని చుట్లు తిరిగింది, ముక్కు ఎంత పైకి లేచింది, ఏ కోణంలో ఒరిగిందన్నది ఫోను మీద చూపిస్తుంది. చాలామంది డ్రైవ్‌లు చేతిబలం చాలక ఆగిపోవు. డిస్క్ ముక్కు పైకి లేచి గాల్లో నిలబడిపోవడం వల్ల ఆగిపోతాయి. మైదానంలో నిలబడి కంటితో చూస్తే అది తెలియదు. డిగ్రీల్లో కనిపిస్తే తెలుస్తుంది. మైదానం ఇవ్వలేని మొదటి వస్తువు ఇదే. మిన్నెసోటాలోనో ఫిన్లండ్‌లోనో మంచులో డిస్క్ మునిగిపోయే నెలల్లో, నాలుగు వలలు, నాలుగు సెన్సార్లు, వెచ్చటి గోదాం ఉంటే గంటకింత అని కట్టేవాళ్లు ఉంటారు. డిస్కులు అమ్మే దుకాణం వెనక గదిలో పెడితే మరీ మంచిది, తప్పు తెలిసినవాడు పోతూ పోతూ ఓ కొత్త డ్రైవర్ కొనుక్కుపోతాడు.

ఆరుబయట రేంజు మాత్రం విడిగా పెట్టుబడి పెట్టి, నేల కొని కట్టాల్సిన వ్యాపారం కాదు. దాన్ని నడపగలిగినవాడు ఒక్కడున్నాడు, ఇప్పటికే గోల్ఫ్ రేంజు నడుపుతూ వారం మధ్యలో సగం చాపలు ఖాళీగా చూస్తున్నవాడు. నేల ఉంది, దీపాలున్నాయి, కౌంటరు దగ్గర మనిషి ఉన్నాడు, బాధ్యత బీమా ఉంది. బంతుల వేళ వేరు, డిస్కుల వేళ వేరు అని విడగొట్టి, మంగళవారం సాయంత్రం రెండు గంటలు సొంత డిస్కులతో రమ్మంటే అదనపు ఖర్చు నాలుగు బోర్డులే. ఇక పార్కుల శాఖకైతే ఇంకా తేలిక. కోర్సు పక్కన 120 మీటర్ల పట్టీ గడ్డి కోయించి, రెండు సిమెంటు టీలు పోసి, 60, 75, 90, 105 మీటర్ల దగ్గర రంగు కర్రలు పాతితే కొద్దిపాటి ఖర్చుతో పని అయిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి టీ దగ్గర వరసను ఆపకుండా ముందు అక్కడ నాలుగు విసిరి వస్తారు. షార్లెట్‌లాంటి ఊళ్లో అడగాల్సింది అదే. టికెట్ కౌంటరు కాదు, వారానికోసారి గడ్డి కోసే బండి.